కూతవేటు ఎంత దూరం?

అనగనగా అనగానే ఒక అడివి అనుకుంటారు మీరు. ఒకటి కాదర్రా, మూడు అడవులు. మూడింటికీ ఏరు మాత్రం ఒక్కటే. పైన కొండడివిలో పుట్టి, నడుమ తుప్పడివిలో వంకర్లు తిరుక్కుంటా వచ్చి, కిందన మడ అడివి దగ్గర సముద్రంలో కలిసిపోయేది.

కొండడివికి పెద్ద ఏనుగమ్మ. తుప్పడివికి పెద్ద నెమలి దొర. మడ అడివికి పెద్ద మొసలి మావ. ఎవరి అడివి వాళ్ళది, ఎవరి గుట్టు వాళ్ళది. వరద ఎప్పుడు బయల్దేరుద్దో కొండడివోళ్ళకి తెలుసు. ఏట్లో ఊబి ఎక్కడుందో తుప్పడివోళ్ళకి తెలుసు. ఎంత వరదొచ్చినా మునగని మెరక ఎక్కడుందో మడ అడివోళ్ళకి తెలుసు. తెలిసింది తెలిసినట్టు కడుపులో పెట్టుకుని కూర్చునేవోళ్ళు. పొరుగోడికి చెప్తే మనదేదో తరిగిపోద్దని భయం.

తుప్పడివిలో ఏటిగట్టు మీద ఒక బొరియ ఉండేది. అందులో సూరీడమ్మ అని ఒక ముళ్ళపంది, దాని మొగుడు గంగరాజు. ఇద్దరూ ముసలోళ్ళే. పొద్దున లేస్తే పోట్లాటే.

"జరుగు, నీ ముళ్ళు గుచ్చుకుంటున్నాయి" అనేది సూరీడమ్మ.

"ఇన్నేళ్ళూ గుచ్చుకోనివి ఇయ్యాలే గుచ్చుకున్నాయా?" అనేవాడు గంగరాజు.

అలా పోట్లాడుకుని, ఒకే దుంపని చెరో కొస నించీ తినేవోళ్ళు. పక్క బొరియలో వాళ్ళ కూతురు లోవ ఉండేది. "మీ గోల కొండడివికి వినపడుతుందమ్మా" అని నవ్వేది.

మూడు అడవుల మీదా తిరిగేది లకుముకి పిట్ట ఒక్కడే. ఏటి మీద ఎగురుతా, చేపలు పట్టుకుంటా, అక్కడి మాట ఇక్కడా ఇక్కడి మాట అక్కడా చెప్పేవాడు. ఒక ఏడు ముసురు పట్టింది. పైన ఏనుగమ్మ ఎర్రనీళ్ళు దిగడం చూసింది. గుట్టు గుట్టే గానీ, దానికి మనసూరుకోలేదు.

"ఒరే లకుముకీ, కిందోళ్ళకి చెప్పరా. వరద కూతవేటు దూరంలో ఉందని చెప్పు" అంది.

కూతవేటంటే తెలుసు కదా మీకు? ఇక్కడ కూతేస్తే అక్కడ వినపడేంత దూరం.

లకుముకి రివ్వున వచ్చి తుప్పడివిలో చెప్పాడు. "కూతవేటులో ఉందంట! అంటే వచ్చేసినట్టే!" అని అందరూ పరుగు. పిల్లా మేకా, ఉన్నవాళ్ళు ఉన్నట్టు రాళ్ళగుట్ట ఎక్కేశారు. అది చాలా దూరం. నెమలి దొర పెళ్ళాం పొదుగుతున్న గుడ్లు వదిలేసి పరిగెత్తింది. గుట్ట మీద వానలో తడుస్తా, ఆకలికి మాడతా కూర్చున్నారు. వరద ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తరవాతెప్పుడో వచ్చింది, చీలమండ తడిసేంత.

దిగొచ్చి చూస్తే నెమలి గుడ్లు చల్లబడిపోయి ఉన్నాయి.

నెమలి దొర ఆ గుడ్ల పక్కనే కూర్చున్నాడు. మిగతావోళ్ళు మాత్రం ఏనుగమ్మని తిట్టుకున్నారు. గంగరాజు అయితే నవ్వాడు. "ఏనుగమ్మకి ఒళ్ళు పెద్దది, భయం అంతకన్నా పెద్దది" అన్నాడు.

అదే ముసురులో ఇంకో కబురొచ్చింది. ఈసారి పంపింది ఏనుగమ్మ కాదు. కొండడివీ తుప్పడివీ కలిసే చోట గుంటలో బోదురుకప్ప ఉండేది. అది ఎర్రనీళ్ళు ఎగిసి రావడం చూసి, "లకుముకీ! వరద కూతవేటులో ఉంది! పో, చెప్పు!" అంది.

లకుముకి ఉన్నదున్నట్టు వచ్చి చెప్పాడు. "వరద కూతవేటులో ఉందంట."

"మొన్నా కూతవేటే అన్నావు" అంది ఒక కుందేలు. "కాళ్ళు పడిపోయేలా పరిగెత్తాం."

"కూతవేటంటే ఎల్లుండికి" అన్నాడు గంగరాజు. "సూరీడూ, పైగట్టున దుంపలు తవ్వి పెట్టాను. మళ్ళీ గుట్ట మీద పస్తుండలేం. నువ్వు లోవని తీసుకుని నడువు. నేను అవి పట్టుకుని వెనకే వస్తా."

"దుంపలేం వద్దు, రా" అంది సూరీడమ్మ.

"ఆకలేస్తే నన్నే తిడతావు. నడువు."

సూరీడమ్మ నడిచింది. గుట్ట సగం ఎక్కేసరికి వెనకాల హోరుమంది. తిరిగి చూస్తే కింద గట్టు లేదు. అన్నీ ఎర్రనీళ్ళే.

గంగరాజు వెనక రాలేదు. ఎలా పోయాడని అడక్కండర్రా. ఏరు తీసుకుపోయింది.

నీళ్ళు తీశాక సూరీడమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని నేరుగా కప్ప గుంట దగ్గరికి పోయింది.

"ఒరేయ్ బోదురుకప్పా! బయటికి రారా! కూతవేటన్నావు. కూతవేటంటే అంత తొందరగా ఎలా వచ్చేసింది? ఎవరితో ఆటలాడావురా?"

కప్ప బయటికొచ్చింది. "అత్తా, నేను అబద్ధం ఆడలేదు. కావాలంటే నేను కూస్తా. నువ్వు వెనక్కి నడుస్తా విను. ఎక్కడి దాకా వినపడుద్దో నువ్వే చూడు."

కప్ప బెకబెకమంటా కూసింది. సూరీడమ్మ వెనక్కి నడిచింది. రెల్లుదుబ్బు దాటిందో లేదో, కూత ఆగిపోయింది. ఆగిందా అని చూస్తే, కప్ప నోరు ఇంకా ఆడతానే ఉంది. వినపడటం లేదు, అంతే.

"ఇంతేనా నీ కూతవేటు?" అంది.

"నా గొంతుకి ఇంతే అత్తా. నా కూతవేటే కదా నేను చెప్పేది?"

అప్పుడే కొండల అవతల నించీ ఏనుగమ్మ ఘీంకారం వినపడింది. అది ఉన్న చోటికి నడిచి పోవాలంటే తెల్లారి బయల్దేరితే పొద్దు గుంకుద్ది. అంత దూరం నించీ చెవి పక్కన కూసినట్టు వినపడింది.

సూరీడమ్మ నిక్కబొడిచిన ముళ్ళు దించేసింది.

ఒకటే మాట. ఏనుగు నోట్లో ఒక దూరం, కప్ప నోట్లో ఇంకో దూరం. పాపం లకుముకి మాట మోసుకొచ్చాడు గానీ, గొంతు మోసుకురాలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా గంగరాజు లేడు. తప్పు చేసినోడు ఉంటే ఒక్క పోటు పొడిచి ఇంటికి పోయేది. అలాంటోడు లేకపోయేసరికి దానికి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఇంటికి వచ్చేసరికి నెమలి దొర అందరినీ కూర్చోబెట్టాడు.

"ఇంక చాలు" అన్నాడు. "పైనోళ్ళ కబురు మనకొద్దు. కిందోళ్ళ పొత్తు మనకొద్దు. లకుముకి ఈ అడివి మీద ఎగిరితే ఈకలు పీకేస్తా. సూరీడమ్మా, నువ్వు చెప్పు. నీకన్నా దెబ్బ తిన్నదెవరు?"

అందరూ దాని వంకే చూశారు. "అవును దొరా" అనేస్తే అయిపోయేది. ఎవరూ తప్పు పట్టేవోళ్ళు కాదు.

"దొరా, కబురు రాక ఆయన పోలేదు" అంది సూరీడమ్మ. "వచ్చిన కబురు మనకి అర్థం కాక పోయాడు. నీ గుడ్లూ అందుకే పోయాయి. నువ్వూ నేనూ ఒక్క మాట దగ్గరే పోగొట్టుకున్నాం. ఇప్పుడు చెవులు మూసుకుంటే వచ్చే వరద మనల్ని చూసి ఆగుద్దా?"

నెమలి దొర మెడ తిప్పేసుకున్నాడు. "పోతే పో. నీ వెనక ఎవరూ రారు. మన గుట్టు మాత్రం ఎవరికీ చెప్పకు."

లోవ అడ్డం పడింది. "అమ్మా, ఈ కాళ్ళతో కొండెక్కుతావా?"

"నీ కడుపు చూసుకో ముందు" అంది సూరీడమ్మ. "వచ్చే ముసురుకి ఈనుతావు. పసికూనల్ని వెంటేసుకుని రాళ్ళగుట్ట దాకా నడవగలవా? కబురు ముందుగా రావాలి, దగ్గరలో మెరక ఉండాలి. కబురు పైనోళ్ళ దగ్గరుంది. మెరక కిందోళ్ళ దగ్గరుంది. మీ నాన్నని ఇచ్చేశాను ఏటికి. నీ పిల్లల్ని ఇవ్వను."

ఆ మాట అనేసి బయల్దేరిపోయింది.

కొండడివిలో ఏనుగమ్మ ఎదురుపడింది. చెవులు విసురుకుంటా అడిగింది, "ఏం పనిమీదొచ్చావు? మా భయం చూసి నవ్వుకున్నారంట కదా?"

"నవ్వింది మా ఆయనే అక్కా. ఆయన ఇప్పుడు లేడు."

ఏనుగమ్మ చెవులు ఆగిపోయాయి. అప్పుడు అంది, "పోయిన ఎండల్లో నీళ్ళకని మీ అడివికి దిగాం. మా బుజ్జిది ఊబిలో దిగబడిపోయింది. అందరం తొండాలు వేసి లాగాం. రాలేదు. ఊబి అక్కడుందని మీవోళ్ళు ఒక్కరైనా చెప్పలేదు."

సూరీడమ్మకి నెమలి దొర మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆగలేదు.

"మద్దిచెట్టు మలుపులో, నీళ్ళు నూనెలాగ నున్నగా ఉండే చోటు ఊబి. ఎండాకాలం దాని జోలికి పోకండి. అవతలి గట్టు పట్టుకుని నడవండి, కింద రాయి తగులుద్ది."

"మీ దొరకి తెలిస్తే నిన్ను ఉండనిస్తాడా?"

"తెలియాలనే చెప్పాను" అంది సూరీడమ్మ. "నువ్వు కూడా ఏటి నడుమ ఇసక లంక మీదికి రా. అందరం మాట్లాడుకోవాలి."

అక్కడి నించీ మడ అడివికి దిగింది. మొసలి మావ బురదలో పడుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు.

"మావా, మునగని మెరక ఎక్కడుందో చెప్పు."

"చెప్పను" అన్నాడు నోరు తెరిచే. "చెప్తే అందరూ ఎక్కుతారు. మా ఆడోళ్ళు అక్కడ గుడ్లు పెడతారు. మీ అడివి ఉడుములు వాసన పట్టి తవ్వుకుని తింటాయి."

"గుడ్లెక్కడున్నాయో నేనడిగానా?"

"మెరక చెప్తే గుడ్లు చెప్పినట్టే."

"ఎందుకవుద్ది మావా? నీ ఇంటికి దోవ అడిగితే, నీ పెళ్ళాం నగలు ఎక్కడ దాచిందో అడిగినట్టా? మెరక ఎక్కే దోవ చెప్పు. గుడ్ల చోటు చెప్పకు. మేమడగం. అడిగినోడికి నేను జవాబు చెప్తా. అందరం ఏటి నడుమ లంక మీద కలుస్తున్నాం, నువ్వూ రా."

మొసలి మావ ఒక కన్ను తెరిచాడు. "నోరు బాగానే ఉందే నీకు."

"ముళ్ళు కూడా ఉన్నాయి."

మొసలి పొట్ట కదిలేలా నవ్వాడు. "సరే, లంక దాకా వస్తా. చెప్తానని కాదు. వినడానికి వస్తా."

ఆ ఇసక లంక మీదే కలిశారు అందరూ. ఏనుగమ్మ, మొసలి మావ, లకుముకి, కప్ప. నెమలి దొర పిలవకుండానే వచ్చాడు, మండిపోతా.

"ఊబి చోటు చెప్పేసిందంట! దీన్ని అడివిలోంచి వెలేస్తున్నా!"

"చెప్పింది కాబట్టే మా మంద ఈ లంక దాకా ప్రాణాలతో వచ్చింది దొరా" అంది ఏనుగమ్మ. "ఎండల్లోనే చెప్పి ఉంటే మా బుజ్జిది కూడా వచ్చేది."

నెమలి దొర ఏనుగమ్మ వంక చూశాడు. గుడ్లు పోయిన తండ్రి కదా, ఆ గొంతు పోల్చుకున్నాడు. వచ్చి ఇసకలో కూర్చున్నాడు.

అప్పుడు సూరీడమ్మ కూతవేటు సంగతి చెప్పింది. అందరూ ఒప్పుకున్నారు, కొలత ఒకటే ఉండాలని. ఒప్పుకోగానే కొట్లాట మొదలైంది.

"అయితే నా కూతనే కొలతగా పెట్టండి" అని ఏనుగమ్మ తొండమెత్తి ఒక్క ఘీంకారం చేసింది. లకుముకి ఉలిక్కిపడి నీళ్ళలో పడ్డాడు.

"అంత కూత ఎవరికి కావాలి? కూతంటే నాది" అని నెమలి దొర గట్టిగా అరిచాడు.

"చిన్నదైతే లెక్కకి సులువు" అని కప్ప బెకబెకమంది.

"మావా, నీ కూతో?" అని అడిగారు.

"నేను కూయను" అన్నాడు మొసలి. "నా మాట మా ఆవిడకి వినపడితే చాలు. ఆవిడ ఎప్పుడూ పక్కనే ఉంటాది."

అందరూ నవ్వారు. నవ్వి మళ్ళీ కొట్లాటే. సూరీడమ్మ మధ్యలో మాట్లాడబోతే నెమలి దొర కసిరాడు. "నీకు కూతే లేదు. ముళ్ళు గలగలలాడించడమే గానీ నువ్వేం కూస్తావు? నువ్వాగు."

"కూత లేదు కాబట్టే చెప్తున్నా" అంది సూరీడమ్మ. "ఎవరి గొంతు కొలతగా పెట్టినా, ఆ గొంతు తెలియనోడు మా ఆయన లాగా ఉండిపోతాడు. ఎవరి గొంతులోనూ లేనిది ఏదైనా చెప్పండి. మూడు అడవుల్లోనూ ఉన్నదై ఉండాలి."

రెక్కలు విదుల్చుకుంటా లకుముకి అన్నాడు, "నేనైతే దూరం చూసుకుని ఎగరను. ఏటి మలుపులు చూసుకుంటా వస్తా. తెల్లబండ మలుపు దాటానంటే కొండడివి అయిపోయినట్టు. మద్దిచెట్టు మలుపు దాటితే మీ ఇంటికి వచ్చినట్టు."

అంతే. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది మంచిది" అంది సూరీడమ్మ. "వరద ఎంత దూరంలో ఉందో చెప్పొద్దు. ఏ మలుపు దాటిందో చెప్పండి. మలుపు ఏనుక్కీ అదే, కప్పకీ అదే."

"వరద వచ్చినప్పుడల్లా ఏరు మలుపులు మార్చుద్ది కదా?" అన్నాడు మొసలి మావ. మడ అడివోడు, ఏటి సంగతి తెలిసినోడు.

"అయితే నీళ్ళు తీశాక ఏటేటా అందరం కలిసి నడిచి చూసుకుందాం" అంది ఏనుగమ్మ. "మారిన మలుపుకి కొత్త పేరు పెట్టుకుందాం. ఒక్కరు పెట్టిన పేరు చెల్లదు. మూడు అడవులూ ఒప్పుకుంటేనే."

"కబురు విన్నోడు విన్నది తిరిగి లకుముకికి అప్పజెప్పాలి" అన్నాడు నెమలి దొర. తనే అన్నాడర్రా ఆ మాట! "నేను తప్పు వింటే వాడు అక్కడే దిద్దాలి."

"నీళ్ళ చోటు, ఊబి చోటు, మెరక చోటు అందరిదీ" అంది సూరీడమ్మ. "గూటి చోటు ఎవరిది వాళ్ళదే. అది అడక్కూడదు, వెతక్కూడదు."

మొసలి మావ తోకతో ఇసక చరిచాడు. ఆఖరికి అన్నాడు. "మీ అడివి సరిహద్దు దాటగానే ఉప్పుకాలవ మలుపు. కుడి పక్కన మడమొక్కల వెనకాల పెద్ద దిబ్బ. పసిపిల్లలు కూడా నడవగలరు. ఎవడైనా గుడ్లు తవ్వాడా, దోవ మూసేస్తా. మళ్ళీ జన్మలో చెప్పను."

ఆ రోజు నించీ అందరూ ఏటి వెంబడి నడుస్తా మలుపులకి పేర్లు కట్టారు. కూతవేటన్న మాట మాత్రం వరద కబురులో ఎవరూ ఎత్తకూడదని కట్టుబాటు.

ముసురు మళ్ళీ పట్టింది. లోవ ఈనింది. మూడు కూనలు. ముళ్ళింకా మెత్తగా, తడిసిన గడ్డిలాగా ఉన్నాయి. నడక నేర్చీ నేర్వగానే లకుముకి వచ్చేశాడు.

"ఎర్రనీళ్ళు తెల్లబండ మలుపు దాటాయి!"

"తెల్లబండ మలుపు దాటాయి" అని నెమలి దొర తిరిగి అప్పజెప్పాడు. అడివంతా వినపడేలా అరిచాడు. "తెల్లబండ అంటే టైముంది. తోసుకోకండి. గుడ్లున్నోళ్ళు గుడ్లు తీసుకోండి. పిల్లలు ముందు, పెద్దోళ్ళు వెనకాల."

ఎవరూ పరిగెత్తలేదు. ఎవరూ నవ్వలేదు. నడిచారు. దోవలో కప్ప పంపిన రెండో కబురు, "రెల్లుదుబ్బుల మలుపు దాటాయి!" అప్పుడు అడుగులు కొంచెం గబగబా వేశారు. ఉప్పుకాలవ మలుపుకి వచ్చి దిబ్బ ఎక్కుతుండగా మూడో కబురు, "మద్దిచెట్టు మలుపు దాటాయి!" లోవ ఆఖరి కూనని మూతితో పైకి నెట్టింది. వెనకాల ఎర్రనీళ్ళు హోరుమంటా వచ్చి దిబ్బ చుట్టూ తిరిగి సముద్రంలోకి పోయాయి.

సూరీడమ్మ కూనల్ని పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది. అయినా అసలు కష్టం అప్పుడే వచ్చింది.

తుప్పడివి ఉడుము ఒకడు ముక్కు పైకెత్తి వాసన చూస్తున్నాడు. మొసలి గుడ్ల వాసన తగిలిన పక్కకి మెల్లగా జారుతున్నాడు. సూరీడమ్మ లేచి వాడికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికిరా?"

"ఆకలేస్తంది పిన్నీ. ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా."

"నీ అడివోణ్ణి నేను. మొసలి పక్షం మాట్లాడతావేంటి? వాడు మనకేమవుతాడు?"

"నువ్వు ఒక్క గుడ్డు తింటే ఈ దోవ మూసుకుపోద్దిరా. వచ్చే ఏడు ఈ కూనలు ఎక్కడికెక్కుతాయి? నీ పిల్లలు ఎక్కడికెక్కుతారు?"

ఉడుము వినలేదు. తప్పించుకుని దూకబోయాడు. సూరీడమ్మ వీపు తిప్పింది. వాడి ముక్కులో ముల్లు దిగింది. "అయ్యో" అని వెనక్కి తగ్గి, మళ్ళీ ఇంకో పక్క నించీ రాబోయాడు. ముసల్ది కదా, రెండు పక్కలూ కాయలేకపోతోంది. అప్పుడు నెమలి దొర వచ్చి రెండో పక్క నిలబడ్డాడు. పింఛం మొత్తం విప్పేశాడు. ఇటు నించీ అటు ఏముందో కనపడలేదు.

"గుడ్లు చల్లబడితే ఎలా ఉంటాదో నాకు తెలుసు" అన్నాడు. "పోయి నీ చోట కూర్చోరా."

ఉడుము ముక్కు రుద్దుకుంటా పోయి కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ నీళ్ళు తీసేదాకా కదల్లేదు.

ఇదంతా నీళ్ళలోంచి మొసలి మావ చూస్తానే ఉన్నాడు. వాన తగ్గి ఎండ కాశాక ఒడ్డుకొచ్చి సూరీడమ్మ దగ్గర ఆగాడు. ఎప్పుడూ తెరిచి ఉండే నోరు మూసుకుని ఉంది.

"అడక్కుండా ఒక చోటు చెప్తా విను" అన్నాడు. "ఉప్పుకాలవ దాటాక ఆఖరి మలుపు ఒకటుంది. దాని అవతల ఏరు లేదు, సముద్రమే. దానికింకా పేరు పెట్టలేదు. అక్కడ ఇసకలో, పోయిన ముసురులో... ఒక ముసలి ముళ్ళపంది కొట్టుకొచ్చి ఆగాడు. మావోళ్ళెవరూ ముట్టుకోలేదు. ఇసక కప్పి వదిలేశాం. ఎవరి మనిషో తెలియదు. మీవోళ్ళని అడగడం మాకు అలవాటు లేదు. చెప్పడం అంతకన్నా లేదు."

సూరీడమ్మ కూనల్ని దగ్గరికి లాక్కుంది. లోవే అడిగింది, "మావా, మమ్మల్ని తీసుకెళ్తావా?"

ఆ మధ్యాన్నం వెళ్ళారు. మొసలి ముందు ఈదుకుంటా, వీళ్ళు ఒడ్డున నడుచుకుంటా. ఇసక మీద సూరీడమ్మ పక్కకి ఒరిగి పడుకుంది, ఇంట్లో పడుకున్నట్టే. "జరుగు" అంది మెల్లగా. కూనలు దాని చుట్టూ ఇసకలో పొర్లుతున్నాయి.

"అమ్మమ్మా, ఈ మలుపు పేరేంటి?" అని అడిగింది ఒక కూన.

"ఒక్కరం పెడితే చెల్లదు" అంది సూరీడమ్మ. "మూడు అడవులూ ఒప్పుకోవాలి."

నీళ్ళు తీశాక అందరూ కలిసి ఏటి వెంబడి నడిచారు. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఏనుగమ్మ ఆగింది, నెమలి దొర ఆగాడు, మొసలి మావ ఆగాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. లకుముకి గట్టిగా పలికాడు, "గంగరాజు మలుపు." ముగ్గురూ తిరిగి అప్పజెప్పారు, "గంగరాజు మలుపు."

ఇప్పటికీ అంతేనర్రా. ముసురు పట్టిన ప్రతి ఏడూ పైనించీ కబుర్లు వస్తానే ఉంటాయి, ఎర్రనీళ్ళు ఆ మలుపు దాటాయి, ఈ మలుపు దాటాయి అని. ఆఖరున లకుముకి వచ్చి, "గంగరాజు మలుపు దాటాయి" అంటాడు. అంటే నీళ్ళు సముద్రంలో పడిపోయాయని. ఇంక భయం లేదని. ఆ మాట వినగానే మూడు అడవుల్లోనూ పిల్లలు మెరక మీంచి కేకలేసుకుంటా కిందికి దిగిపోతారు.

నీతి: మనకి తెలిసిన చోటు పొరుగోడికి కూడా చెప్పాలి, అందరికీ ఒకేలా అర్థమయ్యే మాటలో చెప్పాలి. వాళ్ళు దాచుకున్న గూటి జోలికి మాత్రం పోకూడదు, అప్పుడే అందరూ బతుకుతారు.